పెరటితోట కావలి - భూతయజ్ఞము

దేవతార్చనకు కావలసిన పూలను, పత్రిని, ఫలములను పెరటిలోనే పెంచుకొను గృహస్థులు నేటికిని పెక్కుమంది కలరు. మందారపు మొగ్గలను కోతులు త్రుంచుట, జామకాయలను చిలుకలు కొరికి విడుచుట, మొలకెత్తిన తోటకూరను గోరువంకలు పెకలించుట వారికి నిత్యానుభవమే. విసిగిన కొందరు విషము పెట్టుటకు, కంచెకు విద్యుత్తు కలుపుటకు పూనుకొనుచున్నారు. పూజకై పెంచిన తోట ప్రాణిహింసకు నెలవు కారాదు.

శాస్త్రము గృహస్థునకు దేవ, పితృ, భూత, మనుష్య, బ్రహ్మ యజ్ఞములను ఐదింటిని విధించినది. భూతయజ్ఞమనగా కాకి, కుక్క, చీమ మొదలగు జీవులకు అన్నములో భాగమిడుట. భాగమిచ్చుట వేరు, సర్వమును విడిచిపెట్టుట వేరు. సుగ్రీవుని మధువనమునకును దధిముఖుడు కావలి యుండెనని సుందరకాండ చెప్పుచున్నది. కావున తోటను కాచుకొనుట దోషము కాదు; కాచు విధము నెరుగవలెను.

విత్తులు చల్లిన మడిని మొలకలు నిలద్రొక్కుకొనువరకు ఎండుకంపతో కప్పవలెను. జామ, దానిమ్మ కాయలకు పలుచని గుడ్డసంచులు తొడిగి కాడకు కట్టినచో చాలవరకు దక్కును. అరటిగెలకు గోనెపట్టా చాలును. వల పరచినచో చిటికెనవ్రేలు దూరనంత సన్నని కన్నులు గలదానిని బిగుతుగా కట్టి, ఉదయ సాయంకాలములు చూచుచుండవలెను. వదులు వలలో పక్షులు, పాములు చిక్కి మరణించును. దిష్టిబొమ్మకు పక్షులు కొలదినాళ్లలోనే అలవాటుపడును గనుక దాని చోటు మార్చుచుండవలెను. వేసవిలో దాహముచేతను ఉడుతలు కాయలను కొరుకును. నీడలో ఒక నీటి మూకుడు ఉంచుడు. మేకలను, పందులను ఆపుటకు వాక్కాయ మొక్కల ముళ్లకంచె మేలు. రాలిన పండ్లను ఏనాటికానాడు ఏరివేసినచో ఎలుకల రాక తగ్గును.

విషము తిన్న ఎలుకను పిల్లి గాని, గుడ్లగూబ గాని తినినచో అదియు చచ్చును. ఇంటి విద్యుత్తును కంచెకు కలుపుట చట్టవిరుద్ధము. దానివలన పశువులే కాక మనుష్యులును మరణించుచున్నారు. నెమలి 1963 నుండి మన జాతీయపక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని చంపుట, పట్టుట నేరము.

ఇక కోతుల విషయమున యాత్రికులు చేయదగిన సాయము ఒకటి కలదు. ఆలయపు మెట్లపై కోతులకు చేతితో అరటిపండ్లు అందించుట పుణ్యమని పలువురు తలచుచున్నారు. చేతిపండునకు మరగిన కోతికి మనుష్యుడనిన భయము పోవును. అది భక్తుల సంచులను లాగును, పిల్లలను కరచును, చుట్టుపట్ల గ్రామములలో పెరళ్లను పాడుచేయును. ఒకరి పుణ్యకార్యము మరొకరి తోటకు చేటు కారాదు. ఆ పండ్లను గోశాలకో, అన్నదానమునకో సమర్పింపుడు.

చేతికందు కొమ్మల కాయలకు సంచులు కట్టుకొనుడు. అందని పైకొమ్మల కాయలను పక్షులకు విడువుడు. తోటలో భూతయజ్ఞము ఆ విధముగా జరుగును. దేవుని పూజకు లోటును రాదు.