పక్కన నిలబడి నేర్చిన చదువు

బేతంచెర్ల అనగానే ఇళ్లలో పరిచే నాపరాళ్లు గుర్తొస్తాయి. గనిలో బండ లేపడం, ఫ్యాక్టరీలో కొయ్యడం, పాలిష్ పట్టడం పుస్తకం చూసి వచ్చే పనులు కావు. అనుభవమున్న మనిషి పక్కన నిలబడి చూడాలి, తెలియనిది అడగాలి, తప్పు చేస్తే మాట పడాలి. అడగడానికి మొహమాటపడితే, అలిగి వెళ్లిపోతే పని పట్టుబడదు.

బడి చదువుకూ ఇదే పునాది. అమెరికాలో 1991లో కిండర్‌గార్టెన్ టీచర్లు తమ పిల్లలను గమనించారు. వస్తువులు పంచుకుంటున్నారా, తగువులు తామే తీర్చుకుంటున్నారా, ఎదుటివారి మనసు కనిపెడుతున్నారా అని చూసి 0 నుంచి 4 వరకు మార్కులు వేశారు. అలా 753 మందిని పరిశోధకులు పాతికేళ్లు వచ్చేదాకా గమనించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. ఒక్క మార్కు ఎక్కువ వచ్చిన పిల్లలు డిగ్రీ పూర్తిచేసే అవకాశం రెట్టింపుగా కనిపించింది. కుటుంబ పరిస్థితుల తేడాలను లెక్కలోకి తీసుకున్నాక వచ్చిన ఫలితమిది. కలుపుగోలుతనమే డిగ్రీ తెచ్చిపెట్టిందని ఇది రుజువు చెయ్యదు. అయినా తేలిగ్గా తీసుకోదగ్గ సంగతి కాదు.

గనికీ ఫ్యాక్టరీకీ వెళ్లే తల్లిదండ్రుల పిల్లలకు ఈ అలవాట్లు అబ్బే మొదటి చోటు అంగన్‌వాడీ. అంగన్‌వాడీలను నడిపే, 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకంలో పోషకాహారంతోపాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడికి ముందు చదువు కూడా ఒక సేవ. జనం నోట మాత్రం అంగన్‌వాడీ గుడ్లు, పాలు ఇచ్చే చోటుగానే మిగిలింది. ఆటలో వంతు కోసం ఆగడం, పాట అందరితో కలిసి పాడడం కాలక్షేపం కాదు. ఏబీసీడీల కంటే ముందు రావలసిన పాఠం అదే.

చిన్నప్పుడు ఆ పాఠం అందనివారికి దారి మూసుకుపోదు. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో సాగిన పేదరిక నిర్మూలన కార్యక్రమం కింద కర్నూలు జిల్లా ఓర్వకల్లు పల్లెల్లో మహిళలు పొదుపు సంఘాలు కట్టుకున్నారు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, లెక్కల పుస్తకం. ఇవే సంఘాల పంచసూత్రాలు. నలుగురిలో నోరు విప్పడం, ఎదుటామె మాట పూర్తిగా వినడం ముందు వచ్చాయి. సంతకం, లెక్క, బ్యాంకు వ్యవహారం ఆ వెనక వచ్చాయి. ఈ అనుభవంతోనే 2000లో పేదరిక నిర్మూలనకు వెలుగు పథకం మొదలైంది. తర్వాతి కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సంఘాల మహిళలు బిహార్ పల్లెలకు వెళ్లి, రోజుల తరబడి అక్కడే ఉండి, భాష వేరైనా అక్కడి ఆడవాళ్లతో సంఘాలు కట్టించారు.