ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పఠన విభాగంలో సమయ విభజన

ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఆంగ్ల భాషా ప్రావీణ్యాన్ని కొలిచే అంతర్జాతీయ పరీక్ష. 1989లో మొదలైన ఈ పరీక్షను బ్రిటిష్ కౌన్సిల్, ఐ.డి.పి., కేంబ్రిడ్జ్ సంస్థలు కలసి నిర్వహిస్తున్నాయి. విదేశీ విశ్వవిద్యాలయాలలో ప్రవేశం కొరకు తెలుగు విద్యార్థులు అనేకులు దీనిని రాస్తుంటారు. ఇందులోని అకడమిక్ పఠన విభాగాన్ని గడువులోగా పూర్తి చేయడానికి సమయ విభజన చాలా ముఖ్యం.

విభాగ స్వరూపం

ఈ విభాగంలో మూడు వ్యాసభాగాలు, 40 ప్రశ్నలు ఉంటాయి. గడువు 60 నిమిషాలు. మూడింటిలో కలిపి 2,150 నుండి 2,750 వరకు పదాలు ఉంటాయి. జవాబులన్నీ ఈ గడువులోనే నమోదు చేయాలి. అదనపు సమయం ఇవ్వరు. ప్రతి ప్రశ్నకు ఒక మార్కు. సగటున 23 సరైన జవాబులకు 6, 30కి 7, 35కు 8 బ్యాండు లభిస్తాయి. కనుక సమయం చాలక కొన్ని ప్రశ్నలు వదిలివేసినా ఫలితం మారిపోవచ్చు.

సమయం ఖర్చయ్యే తీరు

నిమిషానికి 200 పదాలు చదివే అభ్యర్థికి మొత్తం పాఠాన్ని ఒకసారి చదవడానికి 11 నుండి 14 నిమిషాలు పడుతుంది. మిగిలిన సమయంలో ఒక్కొక్క ప్రశ్నకు ఒక నిమిషానికి పైగా దొరుకుతుంది. అంటే తొలి పఠనం కంటే, జవాబు కొరకు అదే పేరాను పదేపదే చదవడమే గడువును హరిస్తుంది. ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ చదివే అలవాటు వలన కూడా వేగం తగ్గుతుంది.

పాటించదగిన పద్ధతులు

* అసమాన విభజన: చివరి వ్యాసభాగం సాధారణంగా కఠినంగా ఉంటుంది. అందువలన సమానంగా 20 నిమిషాల చొప్పున కాక, వరుసగా 16, 19, 23 నిమిషాలు కేటాయించి, చివరి 2 నిమిషాలను ఖాళీలు పూరించడానికి ఉంచుకోవచ్చు.
* ప్రశ్నల క్రమం: ఒప్పు, తప్పు, సమాచారం లేదు అని గుర్తించే ప్రశ్నలకు, వాక్యాలు పూరించే ప్రశ్నలకు జవాబులు పాఠంలో అదే వరుసలో వస్తాయి. ఒక జవాబు దొరికితే తరువాతిది దాని దిగువన వెదకాలి. ఏ సమాచారం ఏ పేరాలో ఉందో గుర్తించే ప్రశ్నలకు ఈ వరుస వర్తించదు. పాఠంతో పరిచయం ఏర్పడిన తరువాత వాటిని చేయడం సులభం.
* విడిచి ముందుకు సాగుట: ఒక ప్రశ్న వద్ద నిమిషంన్నర గడిచినా జవాబు తేలకపోతే గుర్తు పెట్టుకొని ముందుకు వెళ్ళాలి. కఠినమైన ప్రశ్నకూ సులభమైన ప్రశ్నకూ మార్కు ఒక్కటే.
* ఖాళీ వదలకుండుట: తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కనుక చివరకు ఊహించి అయినా రాయాలి. బహుళైచ్ఛిక ప్రశ్నలలో తప్పు జవాబుకు మార్కు కోత విధించే క్యాట్ వంటి పరీక్షలకు ఈ నియమం పనికిరాదు.

అభ్యాసం

మొదట గడువు లేకుండా చదివి, జవాబు పాఠంలో ఎక్కడ ఉన్నదో చూపగలిగే స్థితికి రావాలి. ఆ తరువాతే గడియారం పెట్టుకొని సాధన చేయాలి. ప్రతి నమూనా పరీక్ష తరువాత తప్పు జవాబులను, సమయం చాలక వదిలిన ప్రశ్నలను వేరువేరుగా లెక్కించాలి. మొదటివి ఎక్కువైతే భాషా జ్ఞానంపై, రెండవవి ఎక్కువైతే సమయ విభజనపై శ్రద్ధ పెట్టాలి.