అంతర్జాలమున దూరదర్శనము



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పల్లెలలో పెద్దలు నేడు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "నిన్న మాకు తప్పిపోయిన ధారావాహికము మనుమని సెల్‌ఫోనులో నెట్లు కనబడుచున్నది? మేమై చూచు మార్గమేది? అందు మోసమేమైన గలదా?" ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగోద్దేశము.

దూరదర్శనము మన దేశమున 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రారంభమైనది. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము అమెరికావారి ఉపగ్రహము సాయమున, నాటి ఆంధ్రప్రదేశముతో గూడ ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. పిమ్మట కేబులు తీగలును, ఇంటికప్పుపై డిష్‌లును వచ్చినవి. ఈ పద్ధతులన్నియు వానవంటివి. వాన అందరి పొలములపైనను ఒక్కమారే కురియును. ఆ వేళకు పాత్ర పెట్టనివానికి నీరు దక్కదు.

అంతర్జాలము చెరువువంటిది. కాకతీయుల కాలపు గణపసముద్రమున నీరు నిలిచియున్నట్లు, కార్యక్రమములు కంపెనీల యంత్రాగారములలో నిలువయుండును. మనము తూమెత్తినప్పుడే మన మడికి పారును. కావుననే నిన్నటి కథను నేడు చూడగలుగుచున్నాము. ప్రత్యక్ష ప్రసారములును ఈ కాలువ గుండనే రావచ్చును. అయితే తూమునీటికి కొలత కలదు. ఆ కొలతకే డేటా యని పేరు.

కార్యక్రమము ఒక్క ముద్దగా రాదు. కొలది క్షణముల నిడివిగల తునుకలుగా వచ్చి, ఫోనులో వరుసగా కూర్చబడును. తునుక ఆలస్యమైనచో తెరపై చక్రము తిరుగును. అది సాధారణముగా ఫోను చెడిపోవుట కాదు, కాలువ సన్నగిల్లుట. అప్పుడు చిత్రస్పష్టతను తగ్గించినచో ఆట సాగును. సామాన్య స్పష్టతతో గంటకు సుమారు అర జి.బి. మొదలు ఒక జి.బి. వరకును, అధిక స్పష్టతతో మూడు జి.బి. వరకును ఖర్చగును. దినమునకు 1.5 జి.బి. పథకము గలవానికి అధిక స్పష్టతతో అరగంటకే కొలత తీరిపోవచ్చును. గంగారము, కొత్తగూడ, మహాముత్తారము, పలిమెల వంటి అడవి మండలములలో టవరు దూరమైనవారు, పట్టణమునకు వచ్చినపుడు బంధువుల ఇంటి వైఫైతో కార్యక్రమమును ఫోనులోనికి దించుకొని, ఇంటికడ తీరికగా చూచుట మేలు.

ఇక మార్గములు మూడు. మొదటిది ఉచితము. ప్రసారభారతి 2024 నవంబరు 20న వేవ్స్ అను వేదికను ఆరంభించినది. అందు దూరదర్శన్ పాత కొత్త కార్యక్రమములు కలవు. యూట్యూబులో డిడి యాదగిరియు, పెక్కు తెలుగు వార్తా ఛానళ్లును లభించును. వీనికి డేటా వెల తప్ప వేరు ఖర్చు లేకయే చాలవరకు చూడవచ్చును.

రెండవది చందా మార్గము. ఈటీవీ కార్యక్రమములకు ఈటీవీ విన్, జెమినికి సన్ నెక్స్ట్, జీ తెలుగునకు జీ5, స్టార్ మాకు జియోహాట్‌స్టార్ కలవు. 2020లో వెలసిన ఆహా తెలుగు చిత్రములకు, కథలకు ప్రత్యేకించినది. అన్నిటికిని చందా కట్టనక్కరలేదు. ఇంటిల్లిపాది ఏ ఛానలు చూతురో విచారించి, ఒక్కదానికి ఒక్క నెల కట్టి చూచుట వివేకము. చందా కట్టునపుడు, గడువు తీరగానే ఖాతానుండి డబ్బు దానంతటదే పోవుటకు మనచేత అనుమతి పుచ్చుకొందురు. రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము అట్టి కోతకు కనీసము 24 గంటలు ముందు సందేశము రావలెను. ఆ సందేశమును చదివింపక త్రోసివేసినచో పింఛను డబ్బు తెలియకయే కరగిపోవును.

మూడవది దొంగదారి. క్రొత్త చిత్రములను వెల లేకుండ చూపుదుమను జాలస్థలములు కలవు. 2023లో సవరింపబడిన సినిమాటోగ్రాఫ్ చట్టము ప్రకారము దొంగప్రతులు తీయువారికి మూడు నెలలకు తక్కువ గాని, మూడేండ్లకు మించని కారాగారశిక్షయు, మూడు లక్షలకు తక్కువ గాని జరిమానాయు కలవు. చూచువారికిని క్షేమము లేదు. అట్టి చోట్ల కనబడు బొత్తాములను నొక్కినచో హానికర యంత్రాంగములు ఫోనులో జొరబడి, బ్యాంకు రహస్యములను హరింపవచ్చును. "చందా ఉచితముగా ఇచ్చెదము, మీకు వచ్చిన ఓటీపీ చెప్పుడు" అని ఎవరేని ఫోను చేసినచో నమ్మరాదు. ఓటీపీ ఇంటి తాళపుచెవి వంటిది. మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలదిని డబ్బు చేజారును.

సెల్‌ఫోను తెర కంటికి చిన్నదైనచో, ఇంటి టీవీకి హెచ్‌డీఎంఐ రంధ్రము కలదేమో చూపించుకొనుడు. ఉన్నచో చిన్న పరికరము నమర్చి అంతర్జాల కార్యక్రమములను దానిపైననే చూడవచ్చును. ఒంటరిగా ఫోనులో చూచుటకంటె, నలుగురు కూర్చుండి చూచుట కంటికిని, కుటుంబమునకును హితము.

డిడి ఫ్రీ డిష్ కలవారికి నెలచందా లేకయే డిడి యాదగిరి వచ్చుచున్నది. దానితో తృప్తిపడువారు డేటాకై ఖర్చు పెట్టనేల? వాన చాలినవాడు తూమెత్తనక్కరలేదు. ఎత్తదలచినవాడు మాత్రము నీటికొలత నెరిగి, గట్టు తెగకుండ కాచుకొనవలెను. ఈ కొలది సంగతులు తెలిసినచో పెద్దలు ప్రతి పూటయు మనుమని బ్రతిమాలుకొన పనిలేదు.