ఫ్రాన్స్ వైన్ టూర్: బోర్డో వెళ్తున్నారా? కారు బుక్ చేసే ముందు ఈ చిన్న లెక్క వేసుకోండి!

ఫ్రాన్స్ దాకా వచ్చాక ఈఫిల్ టవర్ చూసి తిరిగొచ్చేస్తే ఎలా? ద్రాక్షతోటలు చూసి, అక్కడే వైన్ టేస్ట్ చేద్దాం అనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. అద్దె కారు తీసుకుని రోజుకు ఐదారు షాటోలు చుట్టేద్దామని ప్లాన్ వేస్తారు. సరిగ్గా ఇక్కడే ట్రిప్ తేడా కొడుతుంది. ఎందుకో, ఎలా ప్లాన్ చేసుకోవాలో చూద్దాం.

అసలు షాటో అంటే?

ఫ్రెంచ్‌లో షాటో అంటే కోట. కానీ బోర్డోలో ద్రాక్షతోట, వైన్ తయారీ రెండూ ఉన్న ఎస్టేట్‌ను కూడా అలాగే పిలుస్తారు. వీటిలో చాలావరకు మన టూరిస్ట్ స్పాట్‌లలా టికెట్ తీసుకుని లోపలికి వెళ్లిపోయేవి కావు. ముందే అపాయింట్‌మెంట్ ఉండాలి. పేరున్న షాటోలకైతే కొన్ని వారాల ముందే బుక్ చేసుకోవడం మంచిది.

రోజుకు రెండు, మహా అయితే మూడు

తోట, వైన్ పులియబెట్టే తొట్టెలు, పీపాలు చూపించి, ఆఖర్లో టేస్టింగ్ ఇస్తారు. దీనికే గంట నుంచి గంటన్నర పడుతుంది. మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు చాలాచోట్ల లంచ్ బ్రేక్. కాబట్టి ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఆదివారాలు చాలా షాటోలు మూసే ఉంటాయి. ఆగస్టులో కొందరు సెలవులు తీసుకుంటారు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ద్రాక్ష కోతలు. తోటలు చూడ్డానికి బాగుంటాయి కానీ, అక్కడివాళ్లకు ఊపిరి సలపనంత పని. మే, జూన్ అయితే బెటర్.

స్టీరింగ్ పట్టేవాళ్లకు అసలు లెక్క

ఫ్రాన్స్‌లో డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.5 గ్రాములకు చేరకూడదు. కొత్తగా లైసెన్స్ తీసుకున్నవారికైతే పరిమితి 0.2 మాత్రమే. మన దేశంలో ఈ లిమిట్ 0.3. అక్కడ మనకంటే ఎక్కువే కదా అని ధీమాగా ఉండొద్దు. ఎందుకంటే..

100 మిల్లీలీటర్ల వైన్‌ను అక్కడ ఒక గ్లాసుగా లెక్కిస్తారు. ఒక్క గ్లాసుతో ఆల్కహాల్ స్థాయి సగటున 0.20 నుంచి 0.25 గ్రాములు పెరుగుతుంది. సన్నగా ఉన్నవారిలో ఇంకా ఎక్కువే. టేస్టింగ్‌లో పోసేది కొంచెమే, సుమారు 40 మిల్లీలీటర్లు అనుకుందాం. మూడు షాటోలు, ఒక్కోచోట మూడు రకాలు.. మొత్తం 360 మిల్లీలీటర్లు. అంటే దాదాపు సగం బాటిల్! తాగినట్టే అనిపించదు కానీ లిమిట్ దాటే ప్రమాదం ఉంది.

దొరికితే 135 యూరోల ఫైన్. 0.8 గ్రాములకు చేరితే అది క్రిమినల్ నేరమే, జైలు శిక్ష కూడా పడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ చేతులెత్తేసే ఛాన్స్ ఉంది. అన్నింటికీ మించి, అది మీ ప్రాణాలకు, ఎదుటివాళ్ల ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఉమ్మేస్తే తప్పు కాదు!

వైన్ నోట్లో పోసుకుని, రుచి చూసి, పక్కనున్న పాత్రలో ఉమ్మేయొచ్చు. దీన్ని ఎవరూ అవమానంగా భావించరు. వైన్ నిపుణులు చేసేదీ అదే. అలాగని ఉమ్మేశాం కదా అని కారు తీయడం కూడా సేఫ్ కాదు. కొంత లోపలికి పోతూనే ఉంటుంది.

కారు లేకుండా ఎలా?

ప్యారిస్ నుంచి బోర్డోకు టీజీవీ రైలులో రెండు గంటలకు కాస్త ఎక్కువ పడుతుంది. మొదటి రోజు 2016లో ప్రారంభమైన వైన్ మ్యూజియం 'సిటే దు వాన్' చూడండి. రెండో రోజు సెయింట్ ఎమిలియన్‌కు లోకల్ రైలు ఎక్కండి. ప్రయాణం 40 నిమిషాల లోపే. 1999లో యునెస్కో గుర్తింపు పొందిన ఊరు ఇది. స్టేషన్ నుంచి తోటల మధ్యగా నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు. ఊరి చుట్టూ నడిచే దూరంలోనే షాటోలు ఉన్నాయి. మెడాక్ వైపు షాటోలు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి, అక్కడికి డ్రైవర్‌తో వచ్చే గ్రూప్ టూర్ తీసుకోవడమే మేలు.

బాటిళ్లు కొంటున్నారా?

హ్యాండ్ లగేజీలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలను అనుమతించరు. కాబట్టి బట్టల్లో చుట్టి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. ఇండియాకు సుంకం లేకుండా ఒకరు తెచ్చుకోగలిగేది 2 లీటర్లే. 750 మిల్లీలీటర్ల బాటిళ్లు రెండైతే ఓకే. మూడోది ఉంటే పరిమితి దాటినట్టే!

ఇక తాగని వాళ్లూ నిరాశ పడక్కర్లేదు. తోటలు, సెల్లార్లు చూడ్డానికే ఈ ట్రిప్‌కు వెళ్లొచ్చు. కొన్నిచోట్ల ద్రాక్షరసం కూడా ఇస్తారు. పైగా గ్రూపులో అలాంటి వాళ్లు ఒకరుంటే స్టీరింగ్ వాళ్లకే ఇచ్చేయొచ్చు!

(గమనిక: మద్యపానం ఆరోగ్యానికి హానికరం.)