లారీ మీద కాపురం

ఏబీఆర్ 7776. యాభై దాటిన తెలుగువాళ్లకు ఈ నంబరు చెబితే చాలు. పసుపు జెండాలు, మైకు మోత, వ్యాను పైకప్పు మీద ఖాకీ దుస్తుల్లో ఎన్టీ రామారావు కళ్లముందుకొస్తారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టాక ఆయన ఎక్కింది కొత్త బండి కాదు, ఓ పాత షెవర్లే వ్యాను. దానికి చైతన్యరథం అని పేరు పెట్టారు. స్టీరింగు కొడుకు హరికృష్ణ చేతిలో పెట్టారు. కునుకు అందులోనే, స్నానం రోడ్డు పక్కనే, భోజనమూ అక్కడే. అలా 75 వేల కిలోమీటర్లు తిరిగిందంటారు. 1983 జనవరి 5న పోలింగు జరిగింది, 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

ఆ బండి గురించి రాజకీయంగా ఇప్పటికే చాలా రాశారు, ఇంకెవరూ రాయనక్కర్లేదు. పనివాడి కంటితో చూసినవాళ్లే తక్కువ. పాత బండి, దానిమీద మనిషి నిలబడే వేదిక, లోపల నడుం వాల్చే చోటు. తెలుగునాట అందరూ చూసిన మొదటి క్యాంపరు, అంటే కాపురం ఉండే బండి, అదే అనొచ్చు.

ఇప్పుడు యూట్యూబులో విదేశీ క్యాంపర్లు చూసి, దొడ్లో మూలపడ్డ తాతల నాటి లారీ వంక ఆశగా చూసే కుర్రాళ్లున్నారు. ఈ కథనం వాళ్ల కోసం.

బండి మీద సంసారం పల్నాటికి కొత్తేమీ కాదు. కోటప్పకొండ తిరునాళ్లకీ కారెంపూడి వీరుల తిరునాళ్లకీ గూడుబండి కట్టుకుని, బియ్యం, పప్పు, పిల్లలు అన్నీ అందులో వేసుకుని వెళ్లినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లు. రాత్రికి ఎడ్లను విప్పి, బండి కిందే పొయ్యి పెట్టేవారు. ఇక ప్రభల సంగతి చెప్పేదేముంది. శివరాత్రికి పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి మేడంత ప్రభలు చక్రాల మీద కదిలొస్తాయి. ఇంజినీరు గీసిన నక్షా ఉండదు. ముందొకరు, వెనకొకరు, పక్కల ఇంకొందరు మోకులు పట్టుకుని ఒరగకుండా కాస్తారు. కరెంటోళ్లు దారిలో లైను ఆపేస్తారు. ఎత్తయిన వస్తువును బండి మీద నిలపడంలో ఈ ప్రాంతానికి చదువు లేని శాస్త్రం ఉందనే చెప్పాలి.

పాత లారీల్లోనూ రకాలున్నాయి. ప్రీమియర్ కంపెనీ డాడ్జి, ఫార్గో. హిందుస్థాన్ మోటార్స్ బెడ్‌ఫోర్డు. 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో తయారైన టాటా మెర్సిడెస్. ఆ జర్మనీ ఒప్పందం 1969లో ముగిశాకే బానెట్ మీద టాటా ఒంటరిగా నిలిచింది. మాచర్ల పక్కన 1955 డిసెంబరులో సాగర్ డ్యాముకి శంకుస్థాపన జరిగాక పల్నాటి రోడ్ల మీద తిరిగిన లారీల తరం ఇది. వీటన్నిటికీ ఒకటే పోలిక: రెండు పొడుగాటి ఇనుప దూలాలు, మధ్యలో అడ్డబద్దలు. ఛాసిస్ అనే ఆ చట్రం మీద వడ్రంగులు తొట్టి కట్టేవారు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గతుకులో ఒక చక్రం దిగితే ఛాసిస్ కాస్త మెలి తిరుగుతుంది. అది దాని స్వభావం, అలా తిరక్కపోతే విరుగుతుంది. దానిమీద ఇనుప పెట్టెను నేరుగా వెల్డింగు చేశారనుకోండి, రెండు వానాకాలాలు దాటకముందే మూలలు చీలతాయి, తలుపు బిగుసుకుంటుంది. పాత బాడీ మేస్త్రీలు అందుకే ఛాసిస్ మీద ముందు పొడవాటి కర్ర దుంగలు పరిచి, వాటిమీద తొట్టి పెట్టి, యూ బోల్టులతో బిగిస్తారు. కర్ర నలుగుతుంది, ఇనుము బతుకుతుంది. ఛాసిస్‌కి రంధ్రం పడదు, వెల్డింగు మచ్చ ఉండదు. రేపు విప్పాలన్నా నట్లు తీస్తే సరి. ఈ ఒక్క పద్ధతీ నేర్చుకుంటే సగం క్యాంపరు కట్టినట్టే.

బరువు గురించి అందరూ అనవసరంగా భయపడతారు. టన్నుల కొద్దీ సున్నపురాయి మోసిన లారీకి మంచం, పొయ్యి ఒక లెక్కా? చిక్కు దానికి తలకిందులుగా వస్తుంది. నిండు లోడుకి చేసిన కమాను కట్టలు తేలిక గది కింద అసలు వంగవు. ఖాళీ లారీ ఎలా ఎగిరెగిరి పడుతుందో తెలుసు కదా, గిన్నెలు అలాగే ఎగురుతాయి. ఒకటి రెండు పట్టీలు తీయిస్తే మెత్తబడుతుంది గానీ, అది కట్టలు చేసే మనిషి చూసి చెప్పాల్సిన మాట. ఎత్తు విషయంలో మాత్రం భయపడాల్సిందే. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఎనిమిదడుగులు నాలుగడుగుల షీటు ఒక్కటే 30 కిలోల పైమాట. అలాంటివి నాలుగు పైకప్పుకి ఎక్కిస్తే మలుపులో బండి ఒరుగుతుంది. నూరు లీటర్ల నీళ్లంటే నూరు కిలోలు. ఆ ట్యాంకు కిందే ఉండాలి, వెనక ఇరుసుకి కాస్త ముందు. గ్యాస్ బండ పెట్టే అరకి అడుగున రంధ్రం మర్చిపోవద్దు. గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే కిందికే దిగుతుంది.

ఇక ఎండ. రెంటచింతలలో వేసవిలో 45 డిగ్రీలు దాటడం వార్త కూడా కాదు. విదేశీ వీడియోల్లో చలి ఆపడానికి చేసే ఏర్పాట్లన్నీ మనకి వేడి ఆపడానికి కావాలి. రేకు కప్పు ఒంటిపొరగా వేస్తే మధ్యాహ్నం లోపల కూర్చోలేరు. పైన రేకు, మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ, కింద థర్మోకోల్ వేసిన చెక్క, ఆ ఖాళీలో గాలి ఆడేలా రెండు చివర్లా జాలీ. పైన తెల్ల రంగు. ఏసీ కొనే డబ్బుతో ముందు ఈ పని చేయించండి.

చట్టం సంగతికొస్తే ఉత్సాహం కాస్త చల్లారుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే గట్టిగా చెప్పింది. మోటారు కారవాన్ల కొలతలకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది, అంటే క్యాంపరే తప్పని కాదు. పాత బండి విషయంలో మెలిక ఇంకోటుంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల్లో 50 ఏళ్లు దాటిన రెండు, నాలుగు చక్రాల సొంత బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. రోజువారీ ప్రయాణాలకూ వాడకూడదు, ప్రదర్శనలు, ర్యాలీల వంటివాటికి మాత్రమే. అంటే వింటేజ్ నంబరు కావాలంటే క్యాంపరు కట్టకూడదు, క్యాంపరు కట్టారంటే వింటేజ్ గౌరవం వదులుకోవాలి. చైతన్యరథం ఇప్పుడు పుడితే ఎన్ని కాగితాలు అడిగేవారో!

నా మాటైతే, పాత బండిని కోయకండి. యాభై ఏళ్లు నిలిచిన క్యాబిన్‌ను గ్యాస్ కట్టరుతో చీల్చడం పాపమే. తొట్టిలోకి సరుకులా ఎక్కించి, జాకీలతో దించుకునే విడి గది కట్టించండి. బండి నడుస్తున్నప్పుడు అందులో మనుషులు కూర్చోకూడదు, ఆగాకే కాపురం. దీనికీ అనుమతి ఏ మేరకు కావాలో మీ బండి తరగతిని బట్టి ఉంటుంది. అందుకని ఇనుము కొనే ముందు ఆర్సీ తీసుకుని మీ రవాణా కార్యాలయానికి వెళ్లండి. మేస్త్రీకి అడ్వాన్సు ఆ తర్వాతే ఇవ్వండి.