నాపరాయికి నాలుగు పేర్లు

నల్లటి వంటగట్టు మీద కోసిన నిమ్మచెక్కను బోర్లించి రాత్రంతా వదిలేస్తే, తెల్లారేసరికి అక్కడ పాలిపోయిన మచ్చ కనిపిస్తుంది. ఎంత తుడిచినా పోదు. నిమ్మరసంలోని ఆమ్లం రాతిలోని కాల్షియం కార్బొనేట్‌ను పైపైన తినేసింది, మెరుగు పోయింది. అదే చెక్కను గ్రానైట్ గట్టు మీద పెడితే ఈ మచ్చ పడదు. అంటే ఆ నల్లరాయి సున్నపురాయన్నమాట.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు ఈ రాతిని నాపరాయి అంటారు. ముంబయి, పుణె దుకాణాల్లో దీని పేరు కడప్పా. సిమెంటు ఫ్యాక్టరీ కాగితాల్లో లైమ్‌స్టోన్. భూగర్భ శాస్త్రజ్ఞుడు నార్జి లైమ్‌స్టోన్ అంటాడు. రాయి ఒక్కటే, అడిగే ప్రశ్నలు నాలుగు. క్వారీ కూలీకి కావలసింది అది బండలుగా లేస్తుందా లేదా అన్నది. దుకాణదారుకు సరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో చెబితే చాలు. ఫ్యాక్టరీకి అందులో సున్నం పాలెంతో కావాలి. శాస్త్రజ్ఞుడు మాత్రం దీని కింద ఏ పొర ఉంది, పైన ఏ పొర ఉంది అని అడుగుతాడు. గనుల మాటలు మనల్ని తికమకపెట్టేది ఇక్కడే. ఎవరి ప్రశ్నకు ఎవరు జవాబిస్తున్నారో తెలిస్తే చిక్కు చాలావరకు వీడిపోతుంది.

ముందు కూలీ సంగతి. సముద్రం అడుగున సన్నటి సున్నపు బురద ఒకదాని మీద ఒకటి పేరుకుని గట్టిపడ్డాక పొరకూ పొరకూ మధ్య అతుకు మిగిలిపోతుంది. ఆ అతుకు కనిపెట్టి ఉలి దింపితే చాపంత బండ చదునుగా లేస్తుంది. ఈ అతుకును శాస్త్రంలో బెడ్డింగ్ అంటారు. మార్కాపురం పలక కూడా ఇలాగే చీలుతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ చీలిక వేరు. అక్కడ బురదరాయి భూమిలోపలి ఒత్తిడికి నలిగి, అందులోని రేకుల్లాంటి ఖనిజాలన్నీ ఒకే వైపుకు తిరిగాయి. పలక ఆ రేకుల వెంబడి చీలుతుంది తప్ప పాత పొరల వెంబడి కాదు. దీన్ని క్లీవేజ్ అంటారు. ఒకటి రాయి పుట్టినప్పుడే వచ్చిన గీత, మరొకటి తర్వాత పడ్డ దెబ్బ.

ఇక కడప అన్న పేరు. 1872లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఈ ప్రాంతపు రాళ్ల మీద పెద్ద నివేదిక అచ్చు వేశాడు. అందులో పాత పొరలకు కడప పేరు, వాటి మీద పరుచుకున్న కొత్త పొరలకు కర్నూలు పేరు పెట్టాడు. ఒక పొర ఎక్కడ స్పష్టంగా కనిపిస్తే ఆ ఊరి పేరే దానికి పెట్టడం ఈ శాస్త్రంలో ఆనవాయితీ. అందుకే కడప సూపర్‌గ్రూప్ పొరల పట్టిక చదువుతుంటే రాయలసీమ బస్సు బోర్డు చదువుతున్నట్టే ఉంటుంది: వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, కంభం. తాడిపత్రి పొరల మధ్యకు చొచ్చుకుపోయి గడ్డకట్టిన శిలాద్రవపు రాతి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లని లెక్క తేలింది. ఆ తర్వాత భూమి పైకి లేచింది, అరిగింది, మళ్లీ మునిగింది. అరిగిన ఆ నేల మీద కర్నూలు గ్రూప్ మొదలైంది. అడుగున బనగానపల్లె, దాని మీద నార్జి, ఆ పైన అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, అన్నిటికీ పైన నంద్యాల. కడప, కర్నూలు పొరల మధ్య తెగిపోయిన కాలానికి శాస్త్రజ్ఞులు అన్‌కన్ఫార్మిటీ అని పేరు పెట్టారు. బనగానపల్లె పొర అడుగున గులకరాళ్లతో కలిసి వజ్రాలు దొరికేది కూడా ఆ అరిగిపోయిన నేల మీదే.

ఇప్పుడు తమాషా చూడండి. బొంబాయి వంటిళ్లలో కడప పేరు మోస్తున్న ఆ నల్లబండ నార్జి పొరది. నార్జి కర్నూలు గ్రూప్‌లోది. భూగర్భ శాస్త్రం లెక్కన కడప బండ కడపది కాదు! దుకాణదారు తప్పు చెప్పాడని అనలేం. కడప జిల్లా క్వారీల నుంచి వచ్చింది కాబట్టి అతని పేరూ సరైనదే.

సున్నపురాళ్లన్నీ కూడా ఒకటి కావు. భూగర్భ శాస్త్రం విద్యార్థి సంచిలో నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా ఒకటి ఉంటుంది. నార్జి రాయి మీద ఒక్క చుక్క వేస్తే చప్పుడు చేస్తూ బుసబుసా నురగ వస్తుంది. వేంపల్లె పొర రాయి మీద వేస్తే దాదాపు ఏమీ జరగదు. అదే చోట మేకుతో గీకి, రాలిన పొడి మీద ఇంకో చుక్క వేస్తే అప్పుడు బద్ధకంగా బుడగలు లేస్తాయి. అది డోలమైట్, కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా కలిసిన కార్బొనేట్. కంటికి రెండూ బూడిదరంగు రాళ్లే. పేరును తేల్చేది మేకు గీత, ఆమ్లం చుక్క.

పేరు మరీ సాగిపోయింది గ్రానైట్ విషయంలో. చీమకుర్తి నుంచి ప్రపంచమంతా వెళ్లే బ్లాక్ గెలాక్సీని అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ గ్రానైట్ అనే అంటారు. గ్రానైట్ కావాలంటే రాతిలో క్వార్ట్జ్, అంటే పలుగురాయి ఖనిజం, గణనీయంగా ఉండాలి. చీమకుర్తి రాయి గాబ్రో జాతిది. అందులో ముఖ్యంగా ఉండేవి ప్లేజియోక్లేజ్, పైరాక్సీన్. నల్లటి రాతిలో మెరిసే ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ రేకులు, బంగారం రవ్వ కూడా లేదు. వ్యాపారంలో గ్రానైట్ అంటే గట్టిగా ఉండి, మెరుగు పట్టి, నిమ్మరసానికి చెదరని రాయి. ఆ అర్థంలో చీమకుర్తి రాయి నిక్షేపంగా గ్రానైటే. శాస్త్రజ్ఞులు దీనికి చిరాకు పడుతుంటారు గానీ, వంటగట్టు వేయించుకునేవాళ్లకు ప్లేజియోక్లేజ్‌తో పనేముంది?

చట్టం దారి మరొకటి. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం భూమిలో దొరికేవాటిని రెండుగా చీల్చింది. ఒకటి మేజర్, రెండోది మైనర్. మైనర్ అంటే చిన్నదనో చవకదనో కాదు. వాటికి నిబంధనలు రాసే అధికారం రాష్ట్రానిదని మాత్రమే. ఇక్కడ పేరు రాతి గుణాన్ని బట్టి కాక వాడకాన్ని బట్టి కూడా మారుతుంది. నార్జి పొరను పిండి చేసి సిమెంటు బట్టీలో వేస్తే అది మేజర్ ఖనిజం. అదే పొరను బండలుగా లేపి అరుగుకు పరిస్తే మైనర్. రైల్వేకోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయి కథ ఇంకా విచిత్రం. ముగ్గురాయి అంటే బెరైటీస్. ఎన్నో ఏళ్లు మేజర్‌గా ఉన్న దాన్ని 2015 ఫిబ్రవరిలో మరో ముప్పై ఖనిజాలతో కలిపి మైనర్ చేశారు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ మేజర్ చేశారు. ఈ పదేళ్లలో గనిలో రాయి మాత్రం అలాగే ఉంది.

అన్నిటికంటే జారుడు మాట ఓర్. మనం ముడిఖనిజం అంటున్నాం. తవ్వితే లాభం ఉన్న రాయి ఓర్, లేనిది ఉత్త రాయి. ఈ గీత డబ్బును, విద్యను బట్టి కదులుతుంటుంది. పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం ఇందుకు ఉదాహరణ. అది వేంపల్లె డోలమైట్‌లో ఉంది. టన్ను రాతిలో అరకిలో కూడా లేదు. యురేనియం తీయడానికి మామూలుగా ఆమ్లం వాడతారు. ఇక్కడ ఆమ్లం పోస్తే యురేనియం దాకా పోకముందే డోలమైట్ దాన్ని తాగేస్తుంది. మేకు గీత మీద బుడగలు తెప్పించిన ఆ గుణమే ఇక్కడ అడ్డం పడింది. చివరకు ఆమ్లం బదులు క్షారం వాడి, వేడిలో, ఒత్తిడిలో రాతి నుంచి యురేనియం కరిగించే పద్ధతి కుదిరాకే అక్కడ గనీ మిల్లూ వచ్చాయి. అప్పటిదాకా ఉత్త రాయిగా ఉన్నది అప్పుడు ఓర్ అయింది.

మంగంపేటలో ఈ గీతను బరువుతో గీస్తారు. ముగ్గురాయిలో ఎక్కువ భాగం ముగ్గుకు కాక చమురు బావుల్లోకి పోతుంది. కింద నుంచి తన్నుకొచ్చే గ్యాసును అణిచిపెట్టడానికి బావిలో పోసే బురద బరువుగా ఉండాలి, ఆ బరువు బెరైటీస్ ఇస్తుంది. మామూలు రాయి నీటికంటే రెండున్నర రెట్ల పైచిలుకు బరువుంటే, శుద్ధమైన బెరైటీస్ నాలుగున్నర రెట్లు ఉంటుంది. చమురు పరిశ్రమ అంతర్జాతీయ ప్రమాణం చాలాకాలం 4.2 రెట్లు. మంచి సరుకు తగ్గిపోతుంటే 2010లో 4.1కీ ఒక గ్రేడు ఒప్పుకున్నారు. దశాంశం పక్కన ఒక్క అంకె తగ్గేసరికి పాత లెక్కలో తప్పిన రాయి కొత్త లెక్కలో పాసైంది. దానికి దిగువన మంగంపేటలో సి, డి గ్రేడ్లున్నాయి. ఆ తర్వాత డబ్ల్యూ గ్రేడు వస్తుంది. డబ్ల్యూ అంటే వేస్ట్. అదీ అమ్ముడుపోతోంది.