ఆటల కంప్యూటరు: మార్చవలసిన భాగమేది?

కంప్యూటరుపై ఆట ఆడుచుండగా తెరమీది బొమ్మలు తడబడినచో, క్రొత్త గ్రాఫిక్స్ కార్డు కొనవలెనని పలువురు తలంతురు. వేలకొలది రూపాయలు వెచ్చించిన పిదప గూడ ఆట మునుపటివలెనే నడచుట కలదు. దీనికి కారణమేమి?

తెరపై కనబడు కదలిక, సినిమాలో వలెనే, వెంటవెంట మారు నిశ్చల చిత్రముల వలన కలుగును. సెకనుకు 60 చిత్రములు రావలెనన్న ఒక్కొక్కటి సుమారు 16.7 మిల్లీసెకనులలో సిద్ధము కావలెను. ఆటగాడు మీట నొక్కినపుడు ఏమి జరుగవలెను, ఏ వస్తువు ఎచ్చట నుండవలెను అను లెక్కలు ప్రాసెసర్ చేయును. ఆ వస్తువులకు రంగు, వెలుగు, నీడ కల్పించి చిత్రము గీయుట గ్రాఫిక్స్ కార్డు పని.

ఒకరు పూరీలు వత్తుచుండగా మరొకరు వేయించుచున్నారనుకొందము. వత్తువారెంత తొందరపడినను, మూకుడు చిన్నదైనచో పూరీలు పీటమీదనే ప్రోగుపడును. ఇచ్చటను అంతే. ఒక చిత్రమునకు ప్రాసెసర్‌కు 10, కార్డుకు 20 మిల్లీసెకనులు పట్టుననుకొందము. కార్డు ఒక చిత్రమును గీయుచుండగనే ప్రాసెసర్ తరువాతి దాని లెక్కలు కట్టును. కనుక 20 మిల్లీసెకనులకు ఒకటి చొప్పున సెకనుకు 50 చిత్రములు వచ్చును. ప్రాసెసర్ వేగము రెట్టింపైనను 50 మాత్రమే. కార్డు వేగము రెట్టింపైనచో 100 వచ్చును. కాని కార్డు వేగము నాల్గు రెట్లైనను 100 దాటవు. అప్పుడు ఆలస్యము ప్రాసెసర్‌ది.

మందకొడి భాగమును కనుగొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. చిత్రముల సంఖ్యకు పరిమితి విధించు అమరిక యున్నచో ముందుగా దానిని తొలగించి, పిదప చిత్రబిందువులను, అనగా పిక్సెళ్ళను, తగ్గించవలెను. 3840 × 2160 తెరలో 82,94,400 బిందువులుండును; 1920 × 1080లో 20,73,600, అనగా నాల్గవ వంతు. బిందువులు తగ్గిన కార్డు పని తగ్గును. ప్రాసెసర్ పని ఇంచుమించు మారదు. ఆట చురుకైనచో ఆలస్యము కార్డుది. మార్పు లేనిచో ప్రాసెసర్‌నో, దానికి తోడైన మెమరీనో శంకింపవలెను. ప్రాసెసర్ మొత్తము వినియోగము 30 శాతమే చూపినను మోసపోరాదు. ఎనిమిది కోర్లలో ఒక్కదానిపై భారమంతయు పడినను ఆట మందగించును.

క్రొత్త కార్డుకు చాలినంత విద్యుత్తును పవర్ సప్లై ఈయగలదా, క్రొత్త ప్రాసెసర్ పాత మదర్‌బోర్డులో అమరునా అనునది కూడ ముందే చూడవలెను. పరీక్షకు మాత్రము ఖర్చు లేదు. బిందువులు తగ్గించినంతనే ఆట సాఫీగా నడచినచో, కొంతకాలము ఆ అమరికతోనే ఆడుకొనవచ్చును.